సింహాచలం గారి జాబ్ ఆగిపోయింది

మా శ్రీ క్షీరనిధి ప్రాంతీయ పాల సమాఖ్యలో ఒకరి పని ఇంకొకరు చూడడం నేరమని తేలిన ఏడాది నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్‌ని. నియామకాలు, బదిలీలు, మెమోలు, పదవీ విరమణ దండలు అన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్ళేవి. కాబట్టి ఈ వ్యవహారంలో వెలువడిన ప్రతి ఉత్తర్వూ టైపు చేసింది నేనే. వాటిలో అక్షరదోషాలుంటే ఆ బాధ్యత నాది. మిగతా దోషాలు పై అధికారులవి.

ఇదంతా మొదలైంది ఒక ప్రింటర్ దగ్గర. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఎవరు ఏం ప్రింట్ కొట్టినా కాగితం బయటికి రాలేదు. మా కంప్యూటర్ సెక్షన్‌లో ఉన్నది హైమావతి ఒక్కతే. వరసలో ముందున్న పని ఏదో, కంప్యూటర్ వాళ్ళ భాషలో జాబ్, అడ్డుపడిందని ఆమెకు తెలుసు. ఎవరిదో, ఏమిటో చూద్దామని తెరిచింది. అది పరిపాలన జనరల్ మేనేజర్ త్రివిక్రమరావు గారిది. కోటు వేసుకుని టై కట్టుకున్న ఫొటోతో సహా ఆయన బయోడేటా. ఒక ప్రైవేటు డెయిరీ వారికి ఉద్యోగం కోరుతూ వినయపూర్వకంగా రాసుకున్నది.

హైమావతి ఎవరికీ చెప్పలేదు. ఆయన గదికి వెళ్ళి, "సార్, మీ ఫొటో కొంచెం బరువుగా ఉంది. తగ్గించుకుంటే ప్రింటవుతుంది" అంది.

"ఏ ఫొటో?" అన్నారాయన.

"కోటు వేసుకున్నది సార్."

త్రివిక్రమరావు గారు కాసేపు ఫ్యాను వంక చూసి, "సరే, వెళ్ళండి" అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఎం.డి. గారు ఊటీలో శిక్షణ ముగించుకుని తిరిగొచ్చారు. అంతకు ముందు ఏడాది ఆయన శిక్షణ నుంచి యోగా తెచ్చారు. ఆ ముందటేడు జపాన్ వాళ్ళ శుభ్రత తెచ్చారు. ఈసారి సమాచార గోప్యత తెచ్చారు. సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టి, "మనిషికి ఇల్లు ఎంతో, కంప్యూటర్‌లో అతని జాబ్ అంత. ఒకరి ఇంట్లోకి ఇంకొకరం తొంగి చూస్తామా?" అని అడిగారు. చూడం అని అందరం ఒప్పుకున్నాం. త్రివిక్రమరావు గారు అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండానే నా టేబుల్ మీదికి చిత్తుప్రతి వచ్చింది.

"గోప్యతా పరిరక్షణ దృష్ట్యా, సమాఖ్య యందలి ఏ వినియోగదారుని జాబ్‌ను గాని, తత్సంబంధ సమాచారమును గాని, ఇతర వినియోగదారుడెవ్వరును ప్రత్యక్షముగా గాని, పరోక్షముగా గాని, మరమ్మతు నెపమున గాని వీక్షించరాదు. ఉల్లంఘించిన వారు తీవ్ర క్రమశిక్షణా చర్యలకు గురి కాగలరు."

మరమ్మతు నెపమున అన్న మాట త్రివిక్రమరావు గారు స్వహస్తాలతో చేర్చారు. ఆయనకే సమాచార గోప్యతా పరిరక్షణాధికారిగా అదనపు బాధ్యతలు అప్పగించారు. పాలపొడి అట్టపెట్టెలు కోసి ప్రతి కంప్యూటర్‌కీ మూడు వైపులా గోడలు కట్టించారు. ఆఫీసు గోశాలలా తయారైంది, తల లోపల పెట్టుకుని ఎవరి మేత వాళ్ళు మేస్తున్నట్టు.

అప్పటినుంచి ఎవరి కంప్యూటర్ మొరాయించినా హైమావతి వచ్చి గోడ వైపు తిరిగి నిలబడేది.

"ఏమైందండీ?"

"ఎర్రగా ఏదో వచ్చిందమ్మా."

"అందులో ఏం రాసుంది?"

"అది నీకు చెప్పొచ్చంటావా?"

చెప్పొచ్చో లేదో తేలాలంటే పరిరక్షణాధికారి గారి అనుమతి కావాలి. ఆయన అనుమతి ఇవ్వాలంటే ఏం రాసుందో ముందు ఆయనకు తెలియాలి. అది తెలుసుకోవడం నిషేధం. కాబట్టి చాలామంది కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసుకుని దండం పెట్టుకునేవారు. కొన్ని బాగయ్యేవి. ఆ బాగైనవాటిని ఎం.డి. గారు గోప్యత ఫలితాల కింద లెక్క వేయించారు.

ఇలా నడుస్తుండగా ఒకనాడు తెల్లవారుజామున ట్రిప్ షీట్లు రాలేదు.

ట్రిప్ షీటంటే ఏ వ్యాను ఏ దారిలో వెళ్ళాలి, ఎక్కడెక్కడ పాలు దింపాలి, ఎక్కడ క్యాన్లు ఎత్తుకోవాలి అని ఉండే కాగితం. రోజూ పొద్దున్నే కంప్యూటర్ దానంతటది తయారుచేసి ప్రింట్ చేస్తుంది. ఆ కాగితం చూపిస్తేనే గేటు తెరుస్తారు. ఆ రోజు వ్యాన్లన్నీ గేటు లోపల బారులు తీరి నిలబడిపోయాయి.

చీపురుపల్లి రూటు డ్రైవరు దాలినాయుడు గేటు దగ్గర సెక్యూరిటీ భుజంగరావు గారితో వాదిస్తున్నాడు.

"నాకు దారి తెల్దేటి బాబూ? కళ్ళు మూసుకుని తోలుకెలిపోతాను."

"కాగితం ఏది?"

"కాగితం తోల్తాదేటి బండి?"

"కాగితం లేకపోతే నువ్వు వెళ్ళేది చీపురుపల్లో శ్రీశైలమో నాకేం తెలుసు?" అన్నారు భుజంగరావు గారు. చేత్తో రాసిచ్చినా ఆయన ఒప్పుకోరు. కంప్యూటర్లు వచ్చినప్పుడు చేతిరాత ట్రిప్ షీట్లు చెల్లవని ఉత్తర్వు ఇచ్చాం. అది కూడా నేనే టైపు చేశాను.

హైమావతి నా దగ్గరికి వచ్చింది. "జాబ్ నడుస్తోందనే చూపిస్తోంది సార్, కానీ కదలడం లేదు. లోపల ఎక్కడ ఆగిందో తెరిచి చూస్తే చిటికెలో పని. కానీ అది నాది కాదు, సింహాచలం గారి పేరు మీద ఉంది."

గేదెల సింహాచలం గారు ఆమెకు ముందు కంప్యూటర్ సెక్షన్ సూపరింటెండెంట్. ఈ ట్రిప్ షీట్ల పద్ధతి ఆయనే పెట్టారు, తన లాగిన్‌తోనే ప్రారంభించారు. నిరుడు రిటైరయ్యారు. రిటైరైనప్పుడు ఆయన దగ్గర గుర్తింపు కార్డు, గొడుగు, లైబ్రరీ పుస్తకాలు తిరిగి తీసుకున్నాం గానీ కంప్యూటర్‌లో ఆయన ఇంకా పనిచేస్తున్నారన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"కొత్తగా నీ పేరు మీద ఇంకోటి మొదలుపెట్టలేవా?"

"దాన్ని చూసి రాసుకోవాలి కదా సార్."

సమావేశం పెట్టారు. త్రివిక్రమరావు గారు ఉత్తర్వు ప్రతిని ముందు పెట్టుకుని కూర్చున్నారు. "యజమాని లిఖితపూర్వక సమ్మతి లేనిదే వీక్షణ పొసగదు. సమ్మతి తీసుకురండి" అన్నారు. నన్నూ హైమావతినీ పంపించారు.

సింహాచలం గారు వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. మమ్మల్ని చూసి సంతోషంగా లేచారు.

"సార్, మీ జాబ్ ఆగిపోయింది" అంది హైమావతి.

"ఏటమ్మా అలగంటావు, ఆగి ఏడాదైపోయింది కదా. నువ్వే కదేటి దండేసి పంపీసేవు."

"ఆ జాబ్ కాదు సార్. మీ పేరు మీద ట్రిప్ షీట్ల జాబ్. అది ఇంకా ఉంది."

ఆయన ముఖం వెలిగింది. "ఉందేటి? ఒసే రత్నం, ఇదిగో, నా జాబ్ ఇంకా ఉందటే" అని లోపలికి కేకేశారు. ఆయన భార్య శేషారత్నమ్మ గారు కాఫీ గ్లాసులతో వచ్చి, "జీతం ఉందా మరి?" అని అడిగారు. లేదన్నాం. ఆవిడ తిరిగి లోపలికి వెళ్ళిపోయారు.

సమ్మతి పత్రం మీద ఆయన సంతోషంగా సంతకం పెట్టారు. తీసుకెళ్ళి చూపిస్తే త్రివిక్రమరావు గారు దాన్ని వేలి కొసతో వెనక్కి నెట్టారు.

"ఈయన ఇప్పుడు సమాఖ్య సిబ్బంది కారు, బయటి వ్యక్తి. సమాఖ్య సమాచారం మీద బయటి వ్యక్తి సమ్మతి ఎలా చెల్లుబాటవుతుంది?"

"అయితే ఆయన్నే తీసుకొచ్చి చూపిద్దాం సార్" అంది హైమావతి.

"బయటి వ్యక్తికి సమాఖ్య కంప్యూటర్ గదిలో ప్రవేశం నిషిద్ధం."

"ఆయన జాబే కదా సార్."

"జాబ్ ఆయనది. ఆయన మనవాడు కారు. మీరు మనవారు. జాబ్ మీది కాదు. ఈ సూక్ష్మం గ్రహించాలి."

మేము గ్రహించాం. తాత్కాలికంగా మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుందామా అని నేనడిగాను. కొత్తగా నియమిస్తే కొత్త నంబరు, కొత్త లాగిన్ ఇవ్వాలి. అప్పుడు కొత్త సింహాచలం గారు పాత సింహాచలం గారికి ఇతర వినియోగదారుడవుతారు. ఒక మనిషి తన జాబ్‌లోకి తానే తొంగి చూశాడన్న అపవాదు ఆయనకెందుకని ఆ ప్రతిపాదన విరమించారు.

ఈలోగా శీతలీకరణ ట్యాంకులు నిండిపోయాయి. నిండిన పాలు పెరుగయ్యాయి. ఎం.డి. గారు పెరుగు వారోత్సవాలు ప్రకటించారు. ఆఫీసు ముందు షామియానా వేసి, వచ్చినవాళ్ళకల్లా పెరుగు పంచి, ఆరోగ్యానికి దాని ఉపయోగాల మీద డాక్టరు గారిచేత ఉపన్యాసం ఇప్పించారు. వారోత్సవాలు ముగిసేలోపు పెరుగు పులిసింది. వెంటనే మజ్జిగ పక్షోత్సవాలు ప్రారంభమయ్యాయి. ఈ రెండిటి ప్రారంభోత్సవాల్లోనూ త్రివిక్రమరావు గారు రిబ్బను పట్టుకున్నారు.

పల్లెల్లో మాత్రం ఉత్సవం లేదు. పాలు తీసుకోవడం ఆపేయమని సేకరణ కేంద్రాలకు ఫోన్లు వెళ్ళాయి. పొద్దున్నే గేదెలు పితికి క్యాన్లు నెత్తిన పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు తాళం చూసి వెనక్కి తిరిగారు. కొందరు కేంద్రం మెట్ల మీదే పోసి వెళ్ళారు. గుర్ల కేంద్రం నుంచి వచ్చిన మనిషి ఆ సంగతి చెబుతుంటే హైమావతి వింటూ ఊరుకోలేకపోయింది.

"నేను తెరిచేస్తాను సార్. సస్పెండ్ చేస్తే చేయనివ్వండి" అంది నాతో.

"నిన్ను సస్పెండ్ చేస్తే నీ పేరు మీదున్న జాబ్‌లు ఎవరు చూస్తారమ్మా?" అన్నాను. ఆమె తల పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రం ఎం.డి. గారు త్రివిక్రమరావు గారినీ, మమ్మల్నీ పిలిచారు. కలెక్టరు గారి ఇంటికి కూడా పాలు అందలేదట. ఆయన గొంతులో మొదటిసారి కంగారు వినిపించింది. నా వైపు తిరిగి, "మీరు ఎస్టాబ్లిష్‌మెంట్ కదా. ఒక ఉద్యోగి కాగితాలు అతని అనుమతితో నిమిత్తం లేకుండా చూసే అధికారం మన నిబంధనల్లో ఎవరికైనా ఉందా?" అని అడిగారు.

"విచారణాధికారికి ఉంటుంది సార్. రిటైరైనవాళ్ళ మీద కూడా విచారణ జరపొచ్చు."

"అయితే విచారణ జరపండి."

"ఎవరి మీద సార్?"

"సింహాచలం మీద."

"ఆయన చేసిన నేరం ఏమిటి సార్?" అంది హైమావతి.

త్రివిక్రమరావు గారు కళ్ళు మూసుకుని నాకు చెప్పి రాయించారు.

"ఆరోపణ: శ్రీ గేదెల సింహాచలం, పదవీ విరమణ పొందిన పిదప కూడా, సమాఖ్య అనుమతి లేకుండా, ఎట్టి ప్రతిఫలమును స్వీకరించకుండా, తన జాబ్‌ను నిరాటంకముగా కొనసాగించియున్నారు."

అభియోగ పత్రం చేతికిస్తేనే విచారణ మొదలవుతుంది. మళ్ళీ నేనూ హైమావతీ వెళ్ళాం. ఈసారి కాఫీ తాగేదాకా నేను జేబులోంచి కవరు తీయలేదు. తీసి, సంగతంతా చెప్పాను.

శేషారత్నమ్మ గారు గుమ్మంలో నిలబడి విన్నారు. "సర్వీసంతా ఒక్క మెమో నేదు ఈయనకి. ఆ మాట మా పుట్టింట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో మీకు తెల్దు. ఇప్పుడొచ్చి నేరస్తుడంటారేటి? ఏటి దొంగిలించీసేడు?" అన్నారు.

మా ఇద్దరికీ తల ఎత్తబుద్ధి కాలేదు. "తీసుకోనని చెప్పీయండి" అని ఆవిడ భర్తతో అన్నారు. సింహాచలం గారు కవరు ముట్టుకోలేదు. పేపరు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టారు.

"పాలు పారబోస్తన్నారటేటమ్మా?" అని హైమావతిని అడిగారు.

"అవును సార్. గుర్లలో మెట్ల మీద పోసేశారట."

"గుర్లలోనా?" అన్నారు శేషారత్నమ్మ గారు. ఆవిడ చెల్లెలు ఉండేది ఆ ఊళ్ళోనే. రెండు గేదెల మీద ఇల్లు గడుపుకొస్తోంది. ఆవిడ లోపలికి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేశారు. ఏం మాట్లాడుకున్నారో మాకు సరిగా వినిపించలేదు. తిరిగొచ్చినప్పుడు కళ్ళు తుడుచుకుంటున్నారు.

"తీసుకోండి ఆ కాయితం. ఇంటిపేరు సరిగా రాసేరో నేదో చూసుకుని మరీ తీసుకోండి" అన్నారు భర్తతో.

ఆయన చూసుకుని, సంతకం పెట్టి తీసుకున్నారు. "నాను రిటైరైన నాడు గూడా ఇంత బాధ పడనేదమ్మా" అన్నారు హైమావతితో, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

విచారణాధికారి ముద్దాయి కంటే పై హోదాలో ఉండాలి. హైమావతి చిన్న హోదా. అందుచేత త్రివిక్రమరావు గారే విచారణాధికారి అయ్యారు. విచారణ కంప్యూటర్ గదిలో జరిగింది. నిందితుడికి విచారణలో హాజరయ్యే హక్కుంది కాబట్టి నిషేధం వర్తించక సింహాచలం గారు లోపలికి వచ్చారు. తన పాత కుర్చీ చూసి ఆగారు. అది విచారణాధికారి గారిది కాబట్టి పక్కన స్టూలు మీద కూర్చున్నారు. హైమావతి గోడ వైపు తిరిగి నిలబడింది. నేను రికార్డు రాయడానికి కూర్చున్నాను.

హైమావతి గోడతో చెబుతుంటే త్రివిక్రమరావు గారు ఒక్కొక్క మీటే వెతికి నొక్కారు. చివరికి జాబ్ తెరుచుకుంది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగారు.

"ఏం కనిపిస్తోంది సార్?"

"ఏదో అడుగుతోంది."

"ఏమని సార్?"

"కాగితం సైజు మారింది, కొనసాగించమంటారా అని. వై నొక్కితే అవును, ఎన్ నొక్కితే కాదు."

గోప్యత ఉత్తర్వులన్నిటికీ ప్రతులు తీయడానికి స్టోర్సు వాళ్ళు కొత్త సైజు కాగితం తెప్పించి ప్రింటర్‌లో పెట్టారు. ట్రిప్ షీట్లు రాని ఆ తెల్లవారుజాము నుంచీ కంప్యూటర్ ఈ ఒక్క ప్రశ్న అడిగి, ఎవరైనా బదులిస్తారేమోనని చూస్తూ ఉంది.

"వై నొక్కండి సార్" అంది హైమావతి.

త్రివిక్రమరావు గారు చేతులు మీటల మీదనుంచి తీసేశారు. "విచారణాధికారికి వీక్షించే అధికారం ఉంది. సమాధానం చెప్పే అధికారం లేదు. ప్రశ్న సింహాచలం గారిని అడిగింది. ఆయనే చెప్పాలి." ఆపైన ఆయన నా వైపు తిరిగి, "నిందితునికి తన సమాధానం తెలుపుకొనే అవకాశం ఇవ్వడమైనది అని రాయండి" అన్నారు.

నేను రాశాను. సింహాచలం గారు లేచి, మీటల వంక పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూసి, వై నొక్కారు.

పక్క గదిలో ప్రింటర్ గుర్రుమంది. ఆ చప్పుడు విని హైమావతి గోడకు నుదురు ఆనించింది. మొదటి కాగితం రాగానే, అక్కడే కాచుకుని ఉన్న దాలినాయుడు దాన్ని ప్రింటర్ నోట్లోంచి దాదాపు లాక్కుని పరిగెత్తాడు. కాసేపటికి గేటు తెరిచిన చప్పుడు, వరసగా వ్యాన్లు బయలుదేరిన చప్పుడు వినిపించాయి. సింహాచలం గారు కిటికీ దగ్గర నిలబడి చివరి బండి వెళ్ళేదాకా చూశారు.

త్రివిక్రమరావు గారు విచారణ నివేదిక రాయించారు. "ఆరోపణపై సమాధానమడుగగా నిందితుడు 'అవును' అని తెలిపియున్నారు. తనంతట తానే అంగీకరించినందున నేరము రుజువైనది."

శిక్ష దగ్గర చిక్కు వచ్చింది. ఇలాంటి నేరానికి నిబంధనల ప్రకారం జాబ్ నుంచి తొలగించాలి. తొలగిస్తే మళ్ళీ ట్రిప్ షీట్లు రావు. నిర్దోషి అని వదిలేద్దామంటే విచారణ ముగిసిపోతుంది, మళ్ళీ ఆగినప్పుడు చూసే అధికారం పోతుంది. అందుచేత శిక్ష విషయం పరిశీలనలో ఉంచి విచారణను నిరవధికంగా కొనసాగించాలని నిర్ణయించారు. ఇప్పటికీ కంప్యూటర్ ఏదైనా అడిగితే దాలినాయుడు వ్యాను తీసుకుని సింహాచలం గారి ఇంటికి వెళ్తాడు. మొదట్లో శేషారత్నమ్మ గారు తలుపు తీసేవారు కాదు. ఇప్పుడు హారన్ వినగానే, "ఇదిగో, ముద్దాయి గారికి పిలుపొచ్చింది" అని లోపలికి కేకేసి, ఆయన ఇస్త్రీ చొక్కా తీసి ఉంచుతారు. విచారణ రోజున ఆయనకు ఆఫీసులో కాఫీ, టిఫిను ఇస్తాం. ఆయన ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

ఈ విజయం ఎం.డి. గారిని ఆలోచింపజేసింది. ఎవరి జాబ్ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆగాక అభియోగం తయారుచేసి, కవరులో పెట్టి, ఇళ్ళ చుట్టూ తిరిగేసరికి పాలు విరిగిపోతాయి. ముందే అందరి మీదా విచారణ ప్రారంభించి ఉంచుకుంటే ఏ జాబ్ ఎప్పుడు ఆగినా నిబంధనలకు లోబడి వెంటనే చూడొచ్చు. గోప్యతకూ భంగం ఉండదు. ఆయన ఈ పద్ధతి మీద మళ్ళీ ఊటీలో ప్రసంగించారు కూడా.

కాబట్టి ఇప్పుడు మా సమాఖ్యలో చేరేవారికి నియామక పత్రంతో పాటే అభియోగ పత్రం ఇస్తున్నాం. మొన్న నాణ్యత పరీక్షల విభాగంలో లిఖిత అనే అమ్మాయి చేరింది. రెండు కాగితాలూ ఆమె ముందు పెట్టాను. మొదటిదాని మీద సంతకం పెట్టి, రెండోది చదివి తలెత్తింది.

"నేనేం చేశాను సార్?"

"ఏం చెయ్యలేదమ్మా. ఈరోజే కదా చేరావు."

"ఆరోపణ అన్నచోట ఖాళీగా ఉంది."

"నీ జాబ్ ఆగినప్పుడు అందులో రాస్తాం. ప్రస్తుతానికి కింద సంతకం పెడితే చాలు."

ఆ అమ్మాయి కలం పక్కన పెట్టింది.

"నా జాబ్ ఎప్పుడూ ఆగకుండా నడిస్తే ఏం చేస్తారు సార్?"

నా సర్వీసులో ఈ సందేహం ఎవరికీ రాలేదు. నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. అలాంటి ఉద్యోగి గురించి అందులో ఎక్కడా లేదు. స్పష్టత కోరుతూ పైకి రాశాను. జవాబు రావాల్సి ఉంది.